పక్కిల్లు వద్దు

"మేడం, ఇంటికి తాళం వేసుంది. పక్కింట్లో చేసేయమంటారా?"

ఫోన్ చేసినాయన మా సర్వే బృందంలో కొత్తగా చేరాడు. అంతకుముందు నరసరావుపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేవాడు. ఇద్దరు పిల్లల తండ్రి. పాపం, తప్పేమీ అడగలేదు. ఎండలో నిలబడ్డ మనిషి ఏం అడుగుతాడో అదే అడిగాడు. నేనప్పుడు కారంపూడి బస్టాండు బయట చెరుకురసం తాగుతున్నాను.

"పక్కిల్లు వద్దు. ఆ అరుగు మీదే కూర్చో. నేనొస్తన్నా" అని పెట్టేశాను.

పెట్టేశాక గ్లాసు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మాట నాదే, గొంతు మాత్రం నాది కాదు. ఆ విరుపు, 'వద్దు' మీద వేసిన ఆ బరువు, అవతలివాళ్ళు ఇంకో మాట అనేలోపు ఫోన్ కట్ చేయడం, అన్నీ మా పాత సూపర్‌వైజరమ్మవి. ఆమె పోయి నెల దాటింది. కబురు వాట్సాప్ గ్రూపులో వచ్చింది. అందరితో పాటు నేనూ చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి, అన్నం వండుకుని తిన్నాను. ఏడుపు రాలేదేమిటా అని నా మీద నాకే అనుమానం కలిగింది. చెరుకురసం బండి దగ్గర, పదిమందిలో, ఇప్పుడొచ్చింది. బండివాడు "ఏందమ్మా, ఐసు ఎక్కువైందా?" అన్నాడు. తలూపి బస్సెక్కాను.

మా పనేమిటో ముందు చెప్పాలి. ఈ పల్నాడు పల్లెల్లో కొన్ని ఇళ్ళను చీట్లు తీసి ఎంచుతారు. ప్రతి రౌండులోనూ మళ్ళీ ఆ ఇళ్ళకే వెళ్ళి ఏం తింటున్నారు, ఏం పండింది, జబ్బు చేస్తే ఎవరి గడప తొక్కారు అని కనుక్కుంటాం. పేదవాళ్ళెవరో తేల్చడం కాదు మా పని. అది రేషన్ డీలరుకు కూడా తెలుసు. ఇవాళ బాగానే ఉన్నవాళ్ళలో, రేపు ఒక దెబ్బ తగిలితే ఎవరు పడిపోతారో తేల్చాలి. దీన్ని మాకు ట్రైనింగులో బోర్డు మీద గీతలు గీసి ఒక పూటంతా చెప్పారు. మా సూపర్‌వైజరమ్మ బస్సులో, కిటికీ ఊచ పట్టుకుని ఒక్క ముక్కలో చెప్పింది.

"ఏమే, గోడ మీద నడిచేవాడు ఇంకా పళ్ళేదు గదా అని నేల మీద ఉన్నట్టా?"

ఆమె మనిషి పొట్టి, గొంతు పొడుగు. తను చానా బాగా పాడతానని ఆమె నమ్మకం. జీపులో వెళ్తుంటే పాట ఎత్తుకునేది, మేం ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్ళం. పల్లెల్లో నేల మీద కూర్చుని మాట్లాడితే జనంలో కలిసిపోతామని ట్రైనింగులో చెప్పారు. మేమంతా బుద్ధిగా చాపల మీద కూర్చునేవాళ్ళం. ఆమె మాత్రం కుర్చీ అడిగి మరీ వేయించుకునేది. ఇదేంటని ఆఫీసాయన ఒకసారి అడిగితే, "ట్రైనింగు మీదయ్యా, మోకాళ్ళు నావి" అంది. చింతకాయ పచ్చడి డబ్బా తెచ్చుకునేది. ఎవరికైనా పెట్టేటప్పుడు చెంచా మొనతో, కంటికి కాటుక పెట్టినట్టు పెట్టేది. మహా పిసినారి. కోపం వస్తే మాత్రం ఎవరు, ఏమిటని చూసేది కాదు. ఒకసారి రెంటచింతల ఎండలో ఒకాయన ఇంటికి వెళ్ళకుండానే వెళ్ళినట్టు రాశాడని, బస్టాపులో అందరి ముందూ అతను కన్నీళ్ళు పెట్టుకునేదాకా తిట్టింది. తర్వాత తన గొడుగు అతని చేతికిచ్చి తను కొంగు కప్పుకుని నడిచింది. క్షమించమని మాత్రం అడగలేదు. ఆ అలవాటు ఆమెకు లేదు.

ఆమె సంచి గురించి చెప్పకపోతే ఆమె గురించి చెప్పినట్టే కాదు. ఆఫీసు మాకు నల్ల బ్యాగులు ఇచ్చింది, మెడలో వేసుకోను కార్డులిచ్చింది. అవి వేసుకుని ఊళ్ళోకి దిగితే చాలు, సగం తలుపులు మూతపడేవి. ఫైనాన్సు కంపెనీ వాళ్ళు కిస్తీ వసూలుకు వచ్చారనుకునేవాళ్ళు. అందుకని ఆమె ట్యాబును గుడ్డసంచిలో వేసి, పైన బీరకాయలో వంకాయలో పరుచుకుని వచ్చేది. సంతకెళ్ళి వస్తున్న మనిషిని చూసి ఎవరు తలుపేసుకుంటారు? మధ్యాహ్నానికి ఆ కూరలు ఎండకు వడిలిపోతే సూర్యుణ్ణి తిట్టేది. సంచి అడుగున వక్కపొడి పొట్లాలు దొర్లుతుండేవి. ఆమె వక్కపొడి నోట్లో వేసుకోగా నేనెప్పుడూ చూడలేదు.

ఆ పొట్లాల కథ వేరు. మా ప్రశ్నల్లో ఒకటుంది. 'గత సంవత్సర కాలంలో మీ కుటుంబం ఆహార పరిమాణమును తగ్గించుకొనవలసిన పరిస్థితి ఏర్పడినదా?' అని. దాన్ని ఉన్నదున్నట్టు చదివితే ఎదుటామె 'లేదండీ' అంటుంది. మొగుడు పక్కన కూర్చుంటే ఇంకా గట్టిగా లేదంటుంది. ఆ ప్రశ్న దగ్గరికి రాగానే మా సూపర్‌వైజరమ్మ ఆ మగమనిషి వైపు తిరిగి, "అయ్యా, నోరు పిడచగట్టకపోతంది. కొట్టుకి పోయి వక్కపొడి పట్రాగలవా?" అనేది. పెద్దమనిషి అడిగితే కాదనలేక ఆయన లేచి వెళ్ళేవాడు. ఆయన గుమ్మం దాటగానే ఈమె గొంతు తగ్గించి, "కూర మానేసిన రోజులున్నయ్యా తల్లీ? నీ కంచంలో?" అని అడిగేది. ఆ తర్వాత ఆ ఇల్లాలు చెప్పేది రాసుకోవడానికి మా వేళ్ళు చాలేవి కావు.

ఇక తాళాల సంగతి. ఎంచిన ఇంటికి తాళం ఉంటే పక్కింటిని తీసుకోవచ్చని మా ఆఫీసు రూలు. మొదటి రౌండులో దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. రెండో రౌండు, మిరపకు నల్ల తామర పురుగు పట్టి చేలకు చేలే తుడిచిపెట్టుకుపోయిన ఏడు వచ్చింది. అప్పుడు మొదలైంది గొడవ.

కారంపూడికి కొంచెం ఎడంగా ఉన్న ఒక ఊరికి వెళ్ళాం. మాకిచ్చిన ఇళ్ళలో చాలా వాటికి తాళాలు. "యాడికి పోయారు?" అని ఎవరిని అడిగినా ఒకటే మాట, "చుట్టాలింటికి పోయారండీ." ఈ ప్రాంతంలో అదొక మర్యాద. పంట పోయి, ఇల్లు గడవక, పొట్ట చేతపట్టుకుని పోయినవాళ్ళను ఊరు బయటివాళ్ళకు పట్టివ్వదు. చుట్టాలింటికి పోయారంటుంది. మా వాళ్ళు ఆ మాట నమ్మారు. నమ్మి, చుట్టాలు లేని పక్కింటికి వెళ్ళడానికి సిద్ధమయ్యారు. ఆమె ఊరి మధ్యలో నిలబడి తలుపులు లెక్కపెడుతున్నట్టు చూసి, "ఇంతమందికి ఒక్కసారే చుట్టాలు ఎట్టా గుర్తొచ్చారే?" అంది.

ఆఫీసుకు ఫోన్ చేసింది. స్పీకరు పెట్టింది కాబట్టి మేమూ విన్నాం.

"తాళం ఉంటే పక్కిల్లు తీసుకోమన్నాం కదమ్మా. రూల్లో ఉంది" అన్నాడు ఆఫీసాయన.

"పడ్డోళ్ళు ఊళ్ళో లేరు సార్. ఉన్నోళ్ళని రాసుకుపోతే ఈ ఊళ్ళో ఎవరూ పళ్ళేదని వస్తది. అప్పుడు మీరు ఈ ఊరికి ఏమీ ఇవ్వరు."

అసలు సంగతి అదే. ఏ ఊళ్ళు జారుతున్నాయో మా సర్వేలో తేలితే, ఆ ఊళ్ళలోనే కష్టకాలపు ఆసరా మొదలుపెడతామని పైవాళ్ళు చెప్పి ఉన్నారు. కౌలు రైతుకి మళ్ళీ విత్తనం, పశువులకి మేత, ఎండాకాలం ఊళ్ళోనే పని. తాళం వేసిన ఇళ్ళను వదిలేస్తే ఆ ఊరు కాగితం మీద నిండుకుండలా కనబడుతుంది.

"వారం చివరికి ఊరు పూర్తి కాకపోతే మీ బదులు ఇంకొకరిని పెట్టుకోవాల్సి వస్తుంది" అన్నాడాయన.

"పెట్టుకోండి. ఆమెకి కూడా ఇయ్యే తాళాలు కనపడతయ్" అని ఫోన్ పెట్టేసింది.

ఆ తాళాల్లో ఒకటి తిరుపతమ్మది. మొదటి రౌండులో ఆ ఇంట్లో మాకు జరిగిన మర్యాద నాకు బాగా గుర్తు. మొగుడు కౌలుకు మిరప వేసేవాడు. కొత్తగా వంటగది కట్టుకున్నారు. మా సూపర్‌వైజరమ్మకు కుర్చీ వేసి, మమ్మల్ని ఫ్యాను కింద కూర్చోబెట్టి చల్లటి మజ్జిగిచ్చి, గట్టు మీద పరిచిన నల్ల బండను కొంగుతో తుడిచి మరీ చూపించింది. "మాకేం లోటు లేదండీ. అట్టానే రాసుకోండి" అంది. రాసుకున్నాం. ఇప్పుడా ఇంటి గడియకు తాళం. వాకిట్లో మాత్రం రెండు కోళ్ళు తిరుగుతున్నాయి, నూకలు చల్లి ఉన్నాయి.

మా సూపర్‌వైజరమ్మ ఆ నూకలకేసి చూసింది. ఎదురింటి అరుగు మీద ఒక ముసలమ్మ చింతపండు గింజ తీస్తూ మావైపు చూడనట్టు చూస్తోంది. ఈమె వెళ్ళి పక్కన కూర్చుంది. కుర్చీ అడగలేదు. కుర్చీ లేకుండా ఆమె కూర్చోగా నేను చూడటం అదే మొదలు. తనూ ఒక కాయ తీసుకుని పెంకు ఒలిచి గింజ తీయడం మొదలుపెట్టింది. ఒక్క ప్రశ్న వేయలేదు. ఎండలు, మోకాళ్ళు, కోడలి వంట, ఇవే మాటలు. నేను తలుపు నీడలో చెమటలు కక్కుతూ, ఈ ముసలాళ్ళిద్దరూ నన్ను ఇక్కడే ఎండబెడతారనుకున్నాను. చింతపండు గంప సగమయ్యాక ముసలమ్మే నోరు విప్పింది.

"నువ్వు ఫైనాన్సు దానివి కాదు గదా?"

"ఫైనాన్సోళ్ళు చింతపండు వలుస్తారా పెద్దమ్మా?"

ముసలమ్మ పళ్ళు లేని నోటితో నవ్వి, రొంటిన ఉన్న చిన్న ఫోను తీసి నా చేతికిచ్చింది. "తిరపతమ్మ పేరు మీద నొక్కు. నాకు కళ్ళు ఆనవ్" అంది. కోళ్ళకు నూకలు వేసేది ఆమే.

తిరుపతమ్మ వాళ్ళు మాచర్ల అవతల నాపరాళ్ళ క్వారీలో ఉన్నారు. మర్నాడు బస్సులో వెళ్తుండగా నాకొక అనుమానం వచ్చి అడిగాను. "మేడం, చిన్నప్పుడు మీ ఇంటిక్కూడా ఇట్లాగే తాళం పడిందా? అందుకేనా మీకింత పట్టుదల?" కథల్లో అలాగే ఉంటుంది కదా. ఆమె నన్ను పైనుంచి కిందకు చూసింది.

"మా నాన్న పంచాయతీ ఆఫీసులో గుమాస్తా. మేం శుబ్బరంగా తిన్నాం. అన్నీ మనకి జరిగితేనే తెలియాలా ఏందే?"

ఆ తర్వాత ఆమె నిద్రపోయింది. దిగాల్సిన చోటు దాటిపోయాక లేచి, నేనే లేపలేదని కండక్టరు ముందు నన్ను కేకలేసింది. వెనక్కి చాలా దూరం నడిచాం.

క్వారీలో తెల్లటి దుమ్ము. కళ్ళు తెరిస్తే ఎండ, మూస్తే రాతి మిషన్ల మోత. టార్పాలిన్ కప్పిన గుడిసెల వరసలో తిరుపతమ్మ కనబడింది. తలకు తువ్వాలు చుట్టుకుని పలకల్లాంటి రాళ్ళు పేరుస్తోంది. నన్ను చూడగానే గుర్తుపట్టింది. గుర్తుపట్టి ముఖం తిప్పుకుంది. కూర్చోను ఏమీ లేక ఒక రాయి మీద దుమ్ము దులిపింది. అదే కొంగు, వంటగది గట్టు తుడిచిన చేయే.

మా సూపర్‌వైజరమ్మ ఆ రాయి మీద కూర్చుని సంచిలోంచి ట్యాబు తీసింది. తిరుపతమ్మ దాన్ని చేత్తో అడ్డుకుంది.

"అమ్మా, నీకు దణ్ణం పెడతా. మేం బాగున్నప్పుడు రాసుకున్నారు గదా, అదే ఉంచండి. అది చెరపమాకండి."

అంతవరకు మా సర్వేలో ఎవరూ అలాంటి మాట అనలేదు. సాయం కావాలన్నారు, వద్దన్నారు, మీ వల్ల ఏమవుతుందన్నారు. రాసిన పాత జవాబును కాపాడమని మాత్రం ఎవరూ అడగలేదు. ఆ ఏడు ఆమెకు మిగిలిన మంచి రోజు మా దగ్గరే ఉంది మరి.

"చెరపను" అంది మా సూపర్‌వైజరమ్మ. "అది అట్టానే ఉంటది. నీ వంటిల్లు, నీ మజ్జిగ, అన్నీ ఉంటయ్. దాని పక్కన ఇది రాస్తా."

"ఇదెందుకమ్మా? సిగ్గుచేటు."

"అదొక్కటే ఉంటే, నీకేమీ కాలేదంటారు. ఇదొక్కటే ఉంటే, వీళ్ళు ఎప్పుడూ ఇంతేనంటారు. రెండూ ఉంటేనే నువ్వు యాడుండాల్సిన దానివో తెలిసేది. సిగ్గు నీకెందుకు? పురుగుని నువ్వు పెంచావా?"

తిరుపతమ్మ ఇంకో రాయి ఎత్తి వరసలో పెట్టింది. ఆలోపు మొగుడొచ్చి పక్కన చతికిలబడ్డాడు. చూపు నేల మీద. ఏమడిగినా "బాగానే ఉందండీ" అంటున్నాడు. మా సూపర్‌వైజరమ్మ ఆయన వైపు తిరిగింది.

"అయ్యా, వక్కపొడి దొరుకుతదా ఈడ?"

క్వారీ చుట్టుపక్కల కొట్టే లేదు. రోడ్డు దాకా పోవాలి. అయినా ఆయన లేచి పోయాడు. ఆయన వెనక్కి చూడకుండా నడుస్తుంటే తిరుపతమ్మ మొదటిసారి నవ్వింది. "వక్కపొడి కోసం కాదు గదా అమ్మా నువ్వు పంపింది?" అంది. "కాదు" అంది మా సూపర్‌వైజరమ్మ. తిరుపతమ్మ తువ్వాలు విప్పి ఒళ్ళో పెట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది. గేదెలు ఎప్పుడు పోయాయో, పిల్లాడి చదువు ఎక్కడ ఆగిందో, తన కంచంలోంచి ఏమేం మాయమయ్యాయో, ఏదీ దాచలేదు. చెప్తూ ఒక్కసారి కూడా ఏడవలేదు. నేనే ట్యాబు మీద కన్నీళ్ళు పడకుండా పైట అడ్డం పెట్టుకున్నాను.

బయల్దేరేటప్పుడు తిరుపతమ్మ అడిగింది. "మళ్ళా వస్తావా?"

"మళ్ళీ రౌండుకి వస్తా. మీ ఇంటికే వస్తా. తాళం తీసుంచు."

"తీసుంచుతా" అందామె.

ఆ వారమంతా మేం తాళాల వెంట తిరిగాం. క్వారీలు, సున్నం బట్టీలు, ఇళ్ళు కడుతున్న చోట్లు. ఊళ్ళో లేనివాళ్ళను ఊరి లెక్కలో ఎలా వేస్తామని ఆఫీసు మొరాయించింది. ఈమె రోజూ ఫోన్ చేసింది. ఆయన ఎత్తకపోతే మా ఫోన్ల నుంచి చేసింది. చివరికి వాళ్ళు ఒప్పుకున్నారు. ఆమె వాదన నచ్చి ఒప్పుకున్నారని నేననుకోను. వేగలేక ఒప్పుకున్నారు. ఏదైతేనేం, ఆ ఊరు జారుతున్న ఊళ్ళలో తేలింది, ఆసరా వచ్చింది. అందరినీ నిలబెట్టిందని చెప్పను. కొన్ని తాళాలు తుప్పు పట్టాయి, కొన్ని తెరుచుకున్నాయి.

మూడో రౌండు మాత్రం పైనుంచి రాక ఆలస్యమవుతూ వచ్చింది. ఈలోగా ఆమె బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. చూడ్డానికి వెళితే మంచం మీద నుంచే, "మొదలెట్టారా?" అని అడిగింది. ఎలా ఉన్నారని నేనడిగితే, "నా సంగతి ఎందుకే, నేను సర్వేలో లేను" అంది. ఆ తర్వాత కొన్నాళ్ళకు నన్ను ఆమె చోట సూపర్‌వైజరును చేశారు. రౌండు మొదలయ్యే తేదీ ఖరారైందని కబురొచ్చిన వారమే ఆమె పోయింది. నాకు అదే ఇప్పటికీ మింగుడుపడదు. ఇంకొక్క నెల ఆగలేకపోయిందా? ప్రతిదానికీ పట్టుపట్టే మనిషి, దీనికి పట్టుపట్టలేదేం?

కారంపూడిలో ఎక్కిన బస్సు ఆ ఊరి దగ్గర దిగి నడుచుకుంటూ వెళ్ళాను. మా లెక్కల మేస్టారు ఏ ఇంటి ముందు కూర్చున్నాడో అప్పుడు చూశాను. తిరుపతమ్మ ఇల్లే. గడియకు తాళం. "చుట్టాలింటికి పోయారంటన్నారు మేడం" అన్నాడు మేస్టారు లేచి నిలబడి. నేను అరుగు మీద కూర్చుని, గుడ్డసంచి పక్కన పెట్టుకున్నాను. వాకిట్లో కోళ్ళు లేవు. నూకలూ లేవు. ఎదురింటి తలుపు మూసి ఉంది. కూర్చున్నాను. ఇవాళ కాకపోతే రేపు, ఈ ఊళ్ళో కాకపోతే ఇంకెక్కడో, కనుక్కునే కదులుతానని గట్టిగా అనుకున్నాను.

పొద్దు వాలుతుండగా ట్రాక్టరు ఒకటి కూలీలను దింపి వెళ్ళింది. దిగినవాళ్ళలోంచి ఒకామె పరుగులాంటి నడకతో వచ్చింది. తిరుపతమ్మే. తల మీద గడ్డి మోపు, కొంగున కట్టిన తాళంచెవి. వెనకాల మొగుడు.

"అయ్యో, ఎంతసేపయింది వచ్చి? మిరపకోతలకి పోయినం. ఇప్పుడు మావి కాదులే, పక్క ఊరోళ్ళయ్యి. చుట్టాలింటికి పోయారని చెప్పిందెవరు? ఈ ఊరోళ్ళకి అదో అలవాటైపోయింది" అంటూ మోపు దించి, మా వెనక ఎవరైనా ఉన్నారేమోనని వీధి చివరిదాకా చూసింది. "పెద్దమ్మగారు రాలేదా? తాళం తీసుంచుతానని మాటిచ్చా ఆమెకి."

చెప్పాను. ఎలా చెప్పాలో తెలియక ఉన్నదున్నట్టు చెప్పాను.

తిరుపతమ్మ గడప మీద కూలబడింది. కాసేపటికి లేచి తాళం తీసింది, తలుపులు రెండూ బార్లా తెరిచింది. లోపల వంటగది గట్టు మీద నల్ల బండ అలాగే ఉంది, ఒక మూల పగిలింది. కుర్చీ తెచ్చి వాకిట్లో వేసింది. నేను నేల మీద కూర్చోబోతే, "కుర్చీలో కూర్చో. ఆమె అట్టానే కూర్చునేది" అంది.

కూర్చున్నాను. ట్యాబు తీశాను.

"ఆమె రాసింది ఉందా? చెరపలేదుగా?" అని అడిగింది.

"లేదు. రెండూ ఉన్నాయి."

తిరుపతమ్మ కళ్ళు తుడుచుకుని మొగుడి వైపు తిరిగింది. "నువ్వు పోయి వక్కపొడి పట్రా" అంది. ఆయన నావైపు ఒకసారి చూసి, కండువా భుజాన వేసుకుని వీధిలోకి నడిచాడు. ఆయన మలుపు తిరిగేదాకా ఆగి, ఆమె నా కుర్చీ పక్కకు జరిగి కూర్చుంది.

"ఇంక మూడోది రాసుకో."